మూత మీద నంబరు

మా ఇంటికి ఎవరొచ్చినా ముందు ఈ వైన్ సీసానే తీస్తాను. ఆకుపచ్చ సీసా, తిప్పి తీసే మూత, లేబుల్ మీద ఒక ఇంటిపేరు, ఒక కొండవాలు పేరు. ద్రాక్ష రకం గ్రూనర్ వెల్ట్‌లినర్. ఆస్ట్రియాలో డాన్యూబ్ నది పక్కన వాఖావ్ అనే లోయలో పండింది. పోయిన ఎండాకాలం హైదరాబాద్ నుంచి వచ్చిన మా బామ్మర్ది ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టేశాడు. "ఇదేంది బావా, తీపే లేదు. పాడైపోయిందా?" అన్నాడు.

పాడవలేదు. తీపి మిగలకుండా, అయినా రుచి తగ్గకుండా చేయడానికే ఆ వైన్ చేసే కుటుంబం ఏడాదంతా కష్టపడుతుంది. ఆ రాత్రి వాడికి సగం సగం చెప్పిన సంగతిని ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను. నాకు ఇది ఇంటి విషయం. మాది కల్లు గీత మీద బతికిన ఇల్లు. తాత నల్లగొండ జిల్లాలో నలభై ఏళ్లు తాళ్లెక్కాడు. నాన్నా ఎక్కాడు. నేను చదువుకుని వియన్నాలో ఉద్యోగంలో పడ్డాను. కానీ ఏ కల్లు మంచిది, ఏది కాదు అన్న మాట వింటూనే పెరిగాను.

ఇలా తీపి లేని వైన్‌ను 'డ్రై' అంటారు. ముందు అదేమిటో చెప్పాలి. పండిన ద్రాక్ష రసంలో చక్కెర బాగా ఉంటుంది. దాన్ని కొలవడానికి ఆస్ట్రియాలో ఒక పాత పద్ధతి ఉంది. వియన్నా పక్కనే క్లోస్టర్‌నాయ్‌బుర్గ్ అనే ఊళ్లో 1860లో ద్రాక్ష సాగు నేర్పే బడి పెట్టారు. మరుసటి ఏడాది ఆ బడికి పెద్దగా ఉన్న బాబో అనే ఆయన ఈ కొలతను తయారుచేశాడు. సన్నటి గాజు గొట్టం, రసంలో వదిలితే నిలువుగా తేలుతుంది. రసం మట్టం గొట్టం మీద 17 గీత దగ్గర ఆగితే కిలో రసంలో సుమారు 170 గ్రాముల చక్కెర ఉన్నట్టు. ఈస్ట్ ఆ చక్కెరను తింటూ ఆల్కహాల్‌గా మారుస్తుంది. మధ్యలో ఆపకుండా దాదాపు అంతా తిననిస్తే వచ్చేదే డ్రై వైన్. యూరప్ చట్టం ప్రకారం లీటరుకు 4 గ్రాముల లోపు చక్కెర ఉంటే డ్రై అని రాసుకోవచ్చు. పులుపు దానికి తగ్గట్టు ఉంటే 9 గ్రాముల దాకా ఒప్పుకుంటారు. మనం ఒక కప్పు చాయ్‌లో రెండు చెంచాలు వేసుకుంటే లీటరు వైన్‌లో ఉన్నంత చక్కెర అక్కడే అయిపోతుంది.

ఈ లెక్క నేను మొదటిసారి విన్నప్పుడు తాత గుర్తొచ్చాడు. కల్లు కూడా ఇదే పని చేస్తుంది, కాకపోతే చాలా తొందరగా. లొట్టికి లోపల సున్నం పూస్తే రసం పులవదు, అది నీరా. సున్నం లేకపోతే చెట్టు మీద ఉండగానే పులవడం మొదలు. పొద్దున దింపినది తియ్యగా ఉంటుంది, మధ్యాహ్నానికి తీపి సగం పోతుంది, సాయంత్రానికి పులుపు, ఘాటు. తాత ఒకసారి నాతో, "పొద్దటిది తియ్యగుంటది బిడ్డా, మాపటిది పుల్లగుంటది. పొద్దటి తీపి మాపటిదాంక ఉన్నదంటే అండ్ల ఏదో కలిసినట్టే" అన్నాడు. మా ఊరి పక్క దుకాణాల్లో అప్పటికే సాక్రిన్ కలిపేవాళ్లు. తాత ఆ మాట అన్నది వాటి గురించే.

ఆస్ట్రియా ఆ మాటను 1985లో చాలా కష్టపడి నేర్చుకుంది.

అప్పట్లో పక్కనున్న జర్మనీ మార్కెట్‌కు తియ్యటి వైన్ కావాలి, అదీ చవకగా కావాలి. ద్రాక్షను తీగ మీదే బాగా ముగ్గనిచ్చి, ఆలస్యంగా కోసి చేసిన తియ్యటి వైన్‌కు గిరాకీ ఎక్కువ. కానీ అలాంటి పంట ప్రతి ఏడాదీ రాదు, వచ్చినా చవకగా రాదు. పల్చటి, పుల్లటి వైన్ మాత్రం ఎంతైనా ఉంది. అందులో ఉత్త చక్కెర కలిపితే తీపి వస్తుందేమో గానీ చిక్కదనం రాదు, పరీక్షలో దొరికిపోతుంది కూడా. కొందరు వ్యాపారులు డైఎథిలీన్ గ్లైకాల్ అనే రసాయనం కలపడం మొదలుపెట్టారు. అది కొంచెం తియ్యగా ఉంటుంది, నోటికి చిక్కగా తగులుతుంది, అప్పటి మామూలు పరీక్షలు దాన్ని వెతికేవి కావు.

ఈ పేరు మనకు కొత్తేమీ కాదు. 2022లో గాంబియాలో పిల్లలు చనిపోయినప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంలో తయారైన దగ్గు మందుల మీద హెచ్చరిక ఇచ్చింది. వాటిలో దొరికిన విషాల్లో ఇదొకటి. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పిల్లల ప్రాణాలు తీసిన సిరప్‌లోనూ ఇదే. కిడ్నీలను చంపేస్తుంది. ఆస్ట్రియా వైన్ తాగి చనిపోయినట్టు ఎవరినీ తేల్చలేదు. కలిసిన మోతాదు తక్కువ కావడం జనం అదృష్టం, కలిపినవాళ్ల మంచితనం కాదు.

1985లో విషయం బయటపడింది. జర్మనీలో సీసాలు అల్మారాల్లోంచి తీసేశారు, దేశం తర్వాత దేశం ఆస్ట్రియా వైన్‌ను ఆపేసింది. ఎగుమతి దాదాపు నిలిచిపోయింది. తప్పు చేసినవాళ్లు కొందరు. వాళ్లు కలిపినది ఎక్కువగా తియ్యటి వైన్లలో. కానీ లేబుల్ మీద 'ఆస్ట్రియా' అన్న మాట ఉన్న ప్రతి సీసా విషమైపోయింది. నా సీసా వైన్ చేసే ఆ కుటుంబం ఇంటికి నేను వెళ్తుంటాను, అక్కడి పెద్దావిడకు అప్పుడు ఇరవై నాలుగేళ్లు, కొత్తగా కోడలిగా వచ్చింది. "మా మామగారు జన్మలో తియ్యటి వైన్ చేయలేదు. అయినా ఏళ్ల తరబడి కొన్నవాళ్లు ఫోన్ చేసి పెట్టెలు వెనక్కి పంపుతామన్నారు. ఆయన ఎవరితోనూ వాదించలేదు. డబ్బులు తిరిగిచ్చేశారు" అని చెప్పింది. ఈ మాట చెప్పేటప్పుడు ఆవిడ గొంతు ఇప్పటికీ మారుతుంది.

నేను చెప్పదలచుకున్నది ఇక్కడి నుంచి మొదలు. ఆస్ట్రియా వాళ్లు ఆ తర్వాత ఏం చేశారు?

"మేము మంచివాళ్లం, మా తాతల కాలం నుంచి చేస్తున్నాం" అని ప్రకటనలు ఇచ్చుకుంటే సరిపోయేది కాదు. అలా చెప్పుకునే హక్కు అప్పటికి పోయింది. అదే ఏడాది ఆగస్టు చివర పార్లమెంటు కొత్త వైన్ చట్టం తెచ్చింది. అది చాలా గట్టిది, రైతులు కూడా దాన్ని చూసి భయపడ్డారు. నాణ్యమైన వైన్ అని రాసుకోవాలంటే ప్రతి వైన్‌నూ ప్రభుత్వ ల్యాబ్‌కు పంపాలి. అక్కడ రసాయన పరీక్ష చేస్తారు, తర్వాత రుచి చూసే బృందం తాగి చూస్తుంది. రెండూ దాటితేనే ఒక నంబరు వస్తుంది. ఆ నంబరు లేబుల్ మీద ఉండాలి. మూత మీద ఎరుపు, తెలుపు, ఎరుపు రంగుల గుర్తు ఉంటుంది, దాని మీద తయారుచేసినవాళ్ల నంబరు. నా చేతిలో ఉన్న సీసా ఏ ఇంటిదో, ఏ పరీక్ష దాటిందో వెతికి పట్టుకోవచ్చు. 10 యూరోల సీసాకూ అంతే, 100 యూరోల సీసాకూ అంతే.

అయితే చట్టం ఒక్కటే ఈ రుచిని తయారుచేయలేదు. వాఖావ్‌లో యోజెఫ్ యామెక్ అనే ఆయన 1950ల నుంచే చక్కెర కలపకుండా, పూర్తిగా పులియనిచ్చిన వైన్ చేస్తూ వచ్చాడు. అందరూ తీపి అడిగే కాలంలో అది సామాన్యమైన నిర్ణయం కాదు. 1983లో, అంటే గొడవకు రెండేళ్ల ముందే, ఆయనా మరో ముగ్గురూ కలిసి వినేయా వాఖావ్ అనే సంఘం పెట్టారు. బయటి చక్కెర కలపకూడదన్నది వాళ్ల కట్టుబాటు. తర్వాత డ్రై వైన్లకు మూడు మెట్లు పెట్టుకున్నారు. తేలికైనది ష్టైన్‌ఫెడర్, 11.5 శాతం ఆల్కహాల్ దాటకూడదు. మధ్యది ఫెడర్‌ష్పీల్, 12.5 దాకా. బాగా పండిన ద్రాక్షతో చేసేది స్మరాగ్ద్, 12.5కు తగ్గకూడదు. మొదటిది ఆ కొండల మీద పెరిగే ఈకలాంటి గడ్డి పేరు, రెండోది డేగ వేటలో వాడే మాట, మూడోది ఎండకు రాళ్ల మీదకు వచ్చే పచ్చ బల్లి పేరు. బల్లి పేరుతో తమ అత్యుత్తమ సరుకును అమ్ముకునే వాళ్లను నేను వేరే ఎక్కడా చూడలేదు. నాకు అది చాలా నచ్చింది. ఆ బల్లి కనబడిందంటే గోడ వెచ్చబడిందని, ద్రాక్ష బాగా పండుతుందని అక్కడివాళ్ల లెక్క.

ఆ గోడల గురించి చెప్పకపోతే ఈ వ్యాసం రాసి లాభం లేదు. వియన్నా నుంచి రైల్లో క్రెమ్స్‌కు గంట ప్రయాణం, అక్కడి నుంచి నది వెంట బస్సు. మెల్క్ నుంచి క్రెమ్స్ దాకా ఉన్న ఈ లోయను 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కొండ నిట్టనిలువుగా ఉంటుంది. సిమెంటు, సున్నం ఏదీ లేకుండా రాయి మీద రాయి పేర్చి మెట్లు మెట్లుగా గోడలు కట్టారు. ఒక్కో మెట్టు మీద నాలుగైదు వరసల తీగలు. ట్రాక్టర్ పోదు. మొదటిసారి ఆ ఇంటి అబ్బాయితో పైదాకా ఎక్కినప్పుడు నాకు మోకాళ్లు వణికాయి. అతను చలికాలంలో కూలిన గోడ చూపించాడు. ఆ రాళ్లనే తీసి, ఒక్కోటీ తిప్పి చూసి, సరిగ్గా కూర్చునే చోట పెడుతున్నాడు. పూటంతా పని చేస్తే రెండు మూడు అడుగుల గోడ లేస్తుందన్నాడు. అక్కడ నిలబడి తాత మోకు గుర్తు చేసుకున్నాను. పొద్దున, మాపున చెట్టెక్కి గెలను కొద్దిగా గీస్తేనే ధార సాగుతుంది, ఒక్కరోజు మానితే ఆగిపోతుంది. ఇలాంటి పనిని జీతానికి పెట్టుకున్న మనిషి ఎంతకాలం చేస్తాడు? తనది అనుకుంటేనే చేస్తాడు.

పగలు తూర్పు నుంచి మైదానాల వేడి లోయలోకి వస్తుంది, నది నీళ్లు వెచ్చదనాన్ని పట్టి ఉంచుతాయి. రాత్రి ఉత్తరాన వాల్ట్‌ఫియెర్టెల్ అడవుల నుంచి చల్లగాలి దిగుతుంది. పగటి వేడికి ద్రాక్ష పండుతుంది, రాత్రి చలికి పులుపు పోకుండా నిలుస్తుంది. తీపి లేని వైన్‌కు ఈ పులుపే వెన్నెముక. గ్రూనర్ వెల్ట్‌లినర్‌కు ఇంకొక గుణం, తెల్ల మిరియం వాసన. అది ఊహ కాదు. మన మిరియాల్లో ఉండే రోటండోన్ అనే పదార్థమే ఈ ద్రాక్ష తొక్కలోనూ ఉంటుంది. నాకు మొదట నిమ్మ తొక్క, తర్వాత పచ్చి ఆపిల్, మింగాక మిరియం, చివర కొత్తిమీర కాడ నమిలినట్టు తెలుస్తుంది. కారం దట్టించిన నాటుకోడి కూరతో ఇది నిలవదు. పెసర పుణుకులతో, ఉప్పూ మిరియం వేసిన చేప వేపుడుతో తాగి చూడండి.

బామ్మర్ది ఇంకో మాట అన్నాడు. "మంచి వైన్ అంటే ఫ్రెంచ్ కదా?" 2002లో లండన్‌లో ఏది ఎవరిదో చెప్పకుండా రుచి చూపించారు. అందులో ఆస్ట్రియా గ్రూనర్ వెల్ట్‌లినర్లు ఫ్రాన్స్‌లోని బర్గండీ షార్డొనే వైన్లను దాటి పై స్థానాల్లో నిలిచాయి. గొడవ జరిగి అప్పటికి పదిహేడేళ్లు.

తీపి అంటేనే మోసమని నేను అనడం లేదు. నొయ్‌జీడ్ల్ సరస్సు పక్కన రుస్ట్, ఇల్‌మిట్స్ ఊళ్లలో ద్రాక్ష మీద ఒక రకం బూజు పట్టి, నీరు ఇగిరి, తేనెలా చిక్కబడిన రసంతో చేసే తియ్యటి వైన్లు ఉన్నాయి. అవి నిజమైన తీపి, వాటి ధర కూడా నిజమైనదే. చవక తీపి అడిగితే మాత్రం ఎవరో ఒకరు ఏదో ఒకటి కలుపుతారు. ఆ విషయంలో కొనేవాళ్లకూ బాధ్యత ఉంది. 1985 గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి ఎవరూ ఎత్తరు.

అలాగే 'కుటుంబం చేసింది కాబట్టి మంచిది' అన్న మాటను కూడా నేను పూర్తిగా ఒప్పుకోను. ఇంటిపేరు ఉన్నంత మాత్రాన కల్తీ చేయరనేం లేదు. ఇంటిపేరు పోతుందన్న భయం, పట్టుకునే ల్యాబ్, రెండూ ఉండాలి. వాఖావ్‌లోనే డ్యూర్న్‌ష్టైన్‌లో డొమేన వాఖావ్ అనే సహకార సంఘం ఉంది. సుమారు 250 కుటుంబాలు తమ ద్రాక్షను అక్కడికి తెస్తాయి, లోయలోని తోటల్లో దాదాపు మూడో వంతు వాళ్లవే. వాళ్ల వైన్ లోయలోని పేరున్న ఇళ్లతో సమానంగా నిలుస్తుంది. అంటే చిన్న రైతులు కలిసి చేసినా కుదురుతుంది. మన గీత సహకార సంఘాల గురించి ఆలోచించేటప్పుడు నాకు ముందు గుర్తొచ్చేది ఇదే.

ఇప్పుడు మన దగ్గరికి వస్తాను. తెలంగాణలో 'మందు కల్లు' అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. క్లోరల్ హైడ్రేట్, డైజీపామ్, ఆల్ప్రాజోలం లాంటి మత్తు మందులు కలిపిన కల్లు. చెట్ల నుంచి దిగే కల్లు తక్కువ, అమ్ముడుపోయేది ఎక్కువ. మిగతాది నీళ్లు, సాక్రిన్, మత్తు పొడి. అలవాటైనవాళ్లకు ఒకరోజు అది దొరక్కపోతే చేతులు వణికి, పిచ్చిగా మాట్లాడి, ఆస్పత్రిలో చేరాల్సి వస్తుంది. దీనివల్ల నష్టపోయింది తాగేవాడు ఒక్కడే కాదు. ప్రాణాలు పణంగా పెట్టి తాడెక్కే మనిషి దింపిన తెల్లటి కల్లుకు కూడా విలువ లేకుండా పోయింది. 1985లో వాఖావ్ రైతుకు జరిగిందే మా తాతకు జరిగింది. తేడా ఏమిటంటే, అక్కడ ఆ ఏడాదే చట్టం వచ్చింది.

మన దగ్గర చట్టం లేదని కాదు. ఎక్సైజ్ వాళ్లు గీసే ప్రతి తాడికీ నంబరు వేస్తారు. మా ఇంటి తాళ్ల మీద ఆ నంబర్లు నేను చిన్నప్పుడు చదివేవాణ్ని. కానీ ఆ నంబరు చెట్టు దగ్గరే ఆగిపోతుంది. కల్లు కుండలోంచి ప్లాస్టిక్ డబ్బాలోకి, డబ్బాలోంచి దుకాణంలోకి, దుకాణంలో సీసాలోకి వెళ్లేసరికి అది ఏ చెట్టుదో, ఎవరు దింపారో చెప్పే గుర్తు ఏదీ మిగలదు. ఆ సీసా మీద కూడా ఒక నంబరు ఉండాలని నేను అడుగుతున్నాను. ఏ సంఘం, ఏ ఊరు, ఏ రోజు దింపింది. ఏ పూటైనా ఒక సీసా తీసి ల్యాబ్‌లో పరీక్షించగలగాలి. కల్లు ఒక పూటలో మారిపోతుంది కాబట్టి వైన్‌లా ముందే పరీక్షించి నంబరు ఇవ్వడం కుదరదు, నిజమే. కానీ మత్తు మందు ఉందా లేదా అని చూడటానికి కల్లు తాజాగా ఉండాల్సిన పని లేదు.

రెండోది, ఎవరు దింపితే వాళ్లే అమ్మాలి. 1784లో ఆస్ట్రియాను ఏలుతున్న చక్రవర్తి రెండో యోజెఫ్ ఒక ఉత్తర్వు ఇచ్చాడు, రైతు తాను చేసిన వైన్‌ను తన ఇంటి దగ్గరే అమ్ముకోవచ్చని. దాని నుంచి పుట్టినవే హాయిరిగర్లు. ఇంటి గుమ్మం మీద పచ్చటి కొమ్మ వేలాడదీస్తే ఆ రోజు తెరిచినట్టు. ఇంట్లోవాళ్లే వడ్డిస్తారు. అక్కడ పోసేది ఆ ఇంటి వైనే. నేను ఈ కుటుంబాన్ని కలిసింది అలాంటి గుమ్మం దగ్గరే. పోసేది ఎవరో ముఖం తెలుస్తుంది, రేపు మళ్లీ అదే ముఖం చూడాలి.

తాగుడును పొగుడుతున్నావా అని కొందరు అడుగుతారు. అడగాలి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణాల మీద లేచారు. మరుసటి ఏడాది సారా నిషేధం వచ్చింది, 1995లో మద్యం మొత్తం నిషేధం, 1997లో అది పోయింది. మా అవ్వకు ఆ ఆడవాళ్లంటే గౌరవం. తాతను పెళ్లాడి, కల్లు అమ్ముకుని పిల్లల్ని పెంచిన మనిషే, తాగొచ్చి కొట్టే మగవాళ్ల ఇళ్లకు వెళ్లి తలుపు దగ్గర నిలబడి తిట్టేది. వైన్ అయినా కల్లు అయినా ఆల్కహాలే, శరీరానికి మంచిదని నేను చెప్పను. తాగనివాళ్లు తాగాల్సిన పనే లేదు. కానీ తాగేవాళ్లు ఉన్నంతకాలం, చేసేవాళ్లు ఉన్నంతకాలం, అందులో ఏముందో తెలుసుకునే హక్కు ఇద్దరికీ ఉంది. నిషేధం ఎత్తేశాక మనం ఆ పని చేయలేదు.

పోయిన సంక్రాంతికి ఊరికి వెళ్లినప్పుడు ఒక ఫెడర్‌ష్పీల్ సీసా తీసుకెళ్లాను. దాంతోపాటు ఆ గాజు కొలత గొట్టం కూడా. నాన్న వైన్‌ను రెండు గుక్కలు తాగి, బాగానే ఉందని పక్కన పెట్టాడు. గొట్టం మీదే ఆయన చూపంతా. ఇప్పుడు తాడెక్కేది మా చిన్నాన్న కొడుకు. వాడు దింపిన కల్లులోంచి ఒక చెంబు తీసి పొడవాటి గాజు పాత్రలో పోసి, గొట్టం వదిలి, కళ్లజోడు సర్దుకుని నాన్న గీత చదివాడు. పొద్దున ఆరింటికి ఒకసారి, పదింటికి ఒకసారి, మధ్యాహ్నం రెండింటికి, సాయంత్రం దీపం పెట్టే వేళకు. ప్రతిసారీ గొట్టం ఇంకొంచెం లోపలికి దిగింది. నేను తిరిగొచ్చేశాక కూడా ఆయన మానలేదు. చెట్టు నంబరు, తేదీ, నాలుగు పూటల కొలతలు ఒక నోట్‌బుక్‌లో రాస్తున్నాడు. రోజూ రాత్రి ఆ పేజీ ఫొటో వాట్సాప్‌లో పంపుతాడు.